చింతపండు పెట్టి తోమిన తుపాకి

మదీనత్ ఖలీఫా, దోహా
12-5-1996

చెల్లెలు ఆంజనమ్మకు, నీ అన్న తిరుపాలు కారు నీడలో కూచోని రాస్తాండే ఉత్తరం.

ఈడ నేను బాగుండా. ఇప్పుడే తడిమి చూసుకున్నా, కాళ్లు రెండూ ఉండాయి, కండ్లు రెండూ ఉండాయి. పోయినసారి ఒంటె తన్ని కన్ను పోయిందని రాసింది తమాషాకి. దానికి అమ్మ అన్నం మానేసి ఏడ్చిందని నువ్వు ఉత్తరం నిండా తిట్టినావు. ఒంటె తంతే కన్నెట్ల పోతాదే? తన్నేది కాలితో కదా, నా కన్ను అంత కింద యాడుండాది? ఆలోచన చెయ్యాల్సింది మీరు.

నేను కారు తోలే ఇంటి పెద్దాయనను మేమంతా బాబా అంటాం. ఆయనకో పిచ్చి ఉండాది. పాత పటాలం తుపాకులు కొని గోడకు తగిలిస్తాడు. మగోళ్లు కూచునే పెద్ద గది, మజ్లిస్ అంటారు, దాని గోడ నిండా అవే. మన పోలీసోళ్ల త్రీనాట్‌త్రీ మాదిరివి కొన్ని, టర్కీ రాత ఉండేవి కొన్ని. అన్నిటికీ సర్కారు కాయితం ఉండాది. నడిమధ్యన ఉండేదాని పేరు మార్టిని. అది బాబా వాళ్ల నాయనది. తెల్లోళ్ల పటాలానికి చేసింది, నూరేండ్లు దాటిందంట. కింద కొక్కెం లాగితే నోరు తెరుస్తాది, ఒక్కటే తూటా పడతాది. ఇనుము మీద కిరీటం బొమ్మ, దాని కింద చేసిన ఏడాది. కర్ర మీద వాళ్ల ఒంటెలకు కాల్చే వాత గుర్తు కత్తితో చెక్కుండాది. ఒక గీత, పక్కన సున్న.

దాన్ని ఎవురినీ ముట్టనియ్యడు. ఆయనే పాత గుడ్డతో నిమురుతా ఉంటాడు. ఇంత కలిగినోడు, ఒక్క దినమన్నా తోమించడే! మసి పట్టిన దోసె పెనం మాదిరి ఉండాది.

మొన్న సూక్‌లో అంటే ఈడి పాత బజార్లో ఒక వ్యాపారి ఇట్లాంటిదే తెచ్చి చూపించినాడు. బాబా కొక్కెం లాగి గొట్టంలోకి చూసినాడు. గొట్టం మీద నంబరు, తూటా పడే తాళం మీద నంబరు చూసినాడు, రెండూ వేరే. తర్వాత చేతిరుమాలు తడిపి బెల్టు తగిలించే కొక్కెం కింద రుద్దినాడు. గుడ్డకు నల్లగా అంటుకునింది. పొగబెట్టి, టీ నీళ్లు పూసి కొత్తదాన్ని ముసలిదాన్ని చేసినారంట! బాబా అరవలేదు. ఆ మనిషికి కహ్వా, అదే వాళ్ల కాఫీ, పోయించి పంపించినాడు. అంతే. ఆ మనిషి మళ్లీ మా గేటు దాటలేదు. సూక్‌లో అంగడి కూడా మూసినాడని విన్నా. బాబా కోపం అట్లాంటిది. అరిచేవాళ్లయితే నాకు భయం లేదు, మన నాయన కాడ పెరిగినోణ్ణి.

బాబా గుండె ఆపరేషన్‌కు లండన్ పోతాండాడు. వచ్చినాక నా పాస్‌పోర్టు చేతికిచ్చి సెలవు పంపిస్తానని చెప్పినాడు. పాపకు చెప్పు, మామ వస్తాండాడని.

నవ్వు ఆపుకోలేని మీ తిరుపాలు.


బండకాడపల్లె, కలకడ మండలం
8-6-1996

అన్నకు ఆంజనమ్మ రాయునది.

నువ్వు వస్తాండావని చదివితే అమ్మ ‘ఈసారి ఒంటె ఏం చెయ్యలేదు కదా’ అనింది. అమ్మకు నువ్వుండే దేశం పేరు ఎన్నిసార్లు చెప్పినా కువైటే.

పాప రెడ్డెమ్మకు ఐదో ఏడు నడస్తాంది. పుట్టెంటికలు మేనమామ ఒళ్లోనే తియ్యాల, చెవులు ఆ ఒళ్లోనే కుట్టాల. మొదటి ఏడు రాలేదు. మూడో ఏడు వస్తానని రాలేదు. మార్గశిరంలో ఐదు నిండుతాయి, దాటితే ఇంక ఏడో ఏడే అంటాంది అత్త. ఏడేండ్ల ఆడపిల్లను గుండు కొట్టించి బడికి యాడ పంపేది? జుట్టు నడుం దాటింది, జడలు కట్టింది. ఈ ఎండకు మెడంతా చెమటకాయలు. రాత్రి నిద్దర్లో గీరుకుంటాది. మొన్న మా ఆయన హరి కత్తెర తీస్తే అత్త చెయ్యి పట్టుకునింది. నీ తోడబుట్టినోడు బతికే ఉండాడు కదా అని నన్ను ఎత్తిపొడిచింది. 

తుపాకుల సంగతి మాకెందుకు? నువ్వు వాటి దగ్గరికి పోవద్దు. ఇంకో తమాషా ఉత్తరం వస్తే చదవకుండా పొయ్యిలో పెడతా.

నీ చెల్లెలు, పేరు తెలుసు కదా.


దోహా
15-7-1996

ఆంజనమ్మా,

పొయ్యిలో పెట్టేముందు ఇదొక్కటి చదువు.

బాబా, ఆయన పెండ్లాం (ఆమెను మామా అంటాం) ఇద్దరూ లండన్ పోయినారు. ఇంట్లో నేను, వంట చేసే రమీజా మాత్రమే. రమీజాది రాయచోటి. నేను తలుపు వెనక నిలబడి బాబా మాదిరి దగ్గితే చేతిలో పళ్లెం కింద పడేస్తాది. అదీ ఇప్పుడు నాకుండే కాలక్షేపం.

మొన్న నేను రమీజాను సూక్‌కు తీసుకొని పోయి, తిరిగి ఇంట్లో దించి, మనోళ్ల క్యాంపుకు పోయి రెండు దినాలు ఆడే ఉండిపోయినా. తిరిగొచ్చేసరికి మజ్లిస్‌లో ఏసీ చచ్చిపోయుండాది. ఎప్పుడు పోయిందో తెలియదు, రమీజా మగోళ్ల గదిలోకి పోదు. ఈడ ఎండకాలంలో గాలికే చెమట పడతాది. రుతూబా అంటారు. గోడలు తడి, పరుపులు తడి. మెకానిక్ వచ్చి బాగు చేసినాడు. అప్పుడు తలెత్తి చూసినా.

మార్టిని మీద ఎర్రగా లేచుండాది. చీమలు పుట్ట పెట్టినట్టు సన్నగా, గొట్టం పొడుగునా తుప్పు. గోడ అవతల పక్కన బాత్‌రూం, అందుకే దానికే ఎక్కువ పట్టినట్టుంది.

ఏసీ చూసుకునే పని నాది. సెలవిచ్చేది బాబా. అర్థమైందా? లండన్‌కు ఫోన్ చేసి చెప్దామంటే, గుండె కోసుకొని పండుకున్న మనిషికి ఏమని చెప్పేది?

నాయన పాత ఇనప సామానుకు తుప్పు ఎట్ల తీసేవాడు? నువ్వు ఇంట్లో ఉండి చూసినావు, నేను బడి మానేసి ఊర్లు తిరిగినా. తొందరగా రాయి.

తిరుపాలు.


బండకాడపల్లె
3-8-1996

అన్నకు,

ఇంత చిన్న దానికి అంత ఉత్తరమా? తుప్పు ఏ దేశంలోనైనా తుప్పే.

చింతపండు నానబెట్టు. పాత చింతపండు అయితే ఇంకా మంచిది. ఇటుక మెత్తగా కొట్టి గుడ్డలో జల్లెడ పట్టు. రెండూ కలిపి కొబ్బరి పీచుతో గెట్టిగా రుద్దు. కడిగి, బూడిద వేసి ఇంకోసారి తోము. వెంటనే తుడిచి ఆముదం పుయ్యి. పండక్కి అమ్మ గంగాళం ఇట్లనే తోముతాది, మొహం చూసుకోవచ్చు. నాయన కొడవళ్లు కూడా ఇటుక పొడితోనే. సగం సగం రుద్ది వదిలెయ్యొద్దు, నీ బద్ధకం నాకు తెలుసు. నలుపు ఒక్క చుక్క ఉండకూడదు.

బాబా వచ్చి చూస్తే మెచ్చుకోవాల. సెలవు ఇంకా రెండు వారాలు ఎక్కువ ఇయ్యాల.

రెడ్డెమ్మ నీ ఫోటో పెట్టుకొని ‘ఈ మామ ఒళ్లు మెత్తగుంటాదా?’ అని అడుగుతాంది.

తోమడంలో నీకు గురువైన ఆంజనమ్మ.


దోహా
29-8-1996

ఆంజనమ్మా,

నేను అయిపోయినా.

నువ్వు చెప్పినట్టే చేసినా. రమీజా చింతపండు ఇచ్చింది. పక్కన కట్టే ఇంటి కాడ ఇటుక దొరికింది. తుపాకిని గోడ నుంచి నేనే దించినా, ఈ ఇంట్లో దాన్ని బాబా తప్ప ఎవురూ దించలేదు. స్నానాల గదిలో కూచోని పొద్దంతా రుద్దినా. మొదట తుప్పు పోయింది. తర్వాత నలుపు పోయింది. కింద నుంచి తెల్లగా, అద్దం మాదిరి వచ్చింది. నీ మీద ఒట్టు, ఎంత మురిసిపోయినానో! రమీజా కూడా ‘కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాదే’ అనింది.

ఆ మురిపెంలో సూక్‌కు పోయి ఫసీయుద్దీన్ సాబ్‌ను పిలుచుకొచ్చినా. హైదరాబాద్ ఆయన. పాత గడియారాలు, పాత తుపాకులు బాగు చేస్తాడు. బాబా ఆయన్నే నమ్ముతాడు. చూపించి ‘ఎట్లుంది సాబ్, నా పనితనం?’ అన్నా.

ఆయన గోడ పట్టుకొని కింద కూచున్నాడు.

“అరె తిరుపాల్, ఏం జేసినవ్ ర? గీ నలుపు మురికి గాదు. అది దాని వయసు. నూరేండ్ల చేతులు, చెమట, నూనె, అన్ని కలిసి పట్టిన తోలు అది. దాన్ని జూసే అసలుదా కాదా అని పట్టుకుంటరు. గొర్రెను కోసినట్టు తోలు దీసినవ్ గద!”

కిరీటం బొమ్మ యాడుందని అడిగినాడు. చూసినా. వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసినా. కిరీటం సగం లేదు. ఏడాది అంకెల్లో చివరిది పూర్తిగా లేదు. ఇటుక పొడి తినేసింది.

తుప్పుకు ఏం చెయ్యాల్సింది అని అడిగినా. “ఏం చెయ్యద్దు. సన్నటి నూనె రాసి, మెత్తటి గుడ్డతోని ఊకె అద్దాలె. రుద్దద్దు. తుప్పు లేస్తది, నలుపు ఉంటది. గంతే” అన్నాడు. ఇంత చిన్న మాట నాకెవురూ చెప్పలేదు. నేనెవురినీ అడగలేదు. ఈ ఊర్లోనే ఆయన ఉంటే సముద్రం దాటి నిన్ను అడిగినా.

మళ్లీ నల్లగా చెయ్యమని కాళ్లు పట్టుకున్నా. చేస్తాడంట. కాని ముసలోడు తలకు రంగేసుకున్నట్టు ఉంటాదంట. బాబా చెయ్యి పెట్టంగానే పట్టుకుంటాడంట. ఆ తడి రుమాలు గుర్తుకొచ్చింది. ఆ వ్యాపారి గేటు దాటి పోయిన పోక గుర్తుకొచ్చింది.

బాబా అక్టోబరు మొదట్లో వస్తాడు. వాళ్ల నాయన తుపాకి. నేను ముట్టకూడనిది. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండాది. పోలీసులకు ఒక్క మాట చెప్తే చాలు, తుపాకి మీద చెయ్యి వేసిన డ్రైవరు యాడుంటాడో నువ్వే చెప్పు. ఇప్పుడు రమీజా దగ్గినా నా చేతిలో గ్లాసు కింద పడతాంది.

ఏం చెయ్యాలో రాయి. నవ్వొద్దు.

తిరుపాలు.


బండకాడపల్లె
17-9-1996

మా తమాషా అన్నకు,

నీ ఉత్తరం మా ఆయన పెద్దగా చదివినాడు. ‘గొర్రెను కోసినట్టు తోలు తీసినవ్’ దగ్గర అత్త కూడా నవ్వింది. అట్ల నవ్వగా నేనెప్పుడూ చూడలా.

ఒంటె తన్నిందన్నావు, నమ్మినాం. అంతకుముందు లుంగీలో కాలు మడిచి ఫోటో తీయించుకొని కాలు పోయిందన్నావు, అమ్మ మొక్కుకునింది కూడా. ఇప్పుడు చింతపండు పెట్టి తోమితే తుపాకి పాడైపోయిందంట! మురికి పోతే వస్తువు పాడైపోతాదా? పసిబిడ్డకు చెప్పు ఈ కత. నాకు తెలుసులే, చెవులకు కమ్మలు మేనమామ పెట్టాల. అందుకే ఇప్పట్నుంచే ఈ నాటకం.

నిజంగా అంత భయంగా ఉంటే నల్లరంగు డబ్బా తెచ్చి పూసెయ్. బాబా పట్టుకుంటే ‘మా చెల్లెలు చెప్పింది’ అను.

మార్గశిర శుద్ధ పంచమికి రెడ్డెమ్మ తల్లి గుడి ఉండే కొండకు పోను జీపు మాట్లాడినాం. డిసెంబరు రెండో వారం. రాకపోయినావో, పాపను ఎత్తుకొని నేనే ఆడికి వచ్చి నీ ఒళ్లో కూచోబెడతా.

ఆంజనమ్మ.


దోహా
13-10-1996

ఆంజనమ్మా,

నీ ఉత్తరం వచ్చిన దినమే బాబా వచ్చినాడు. విమానాశ్రయానికి పోయేముందు కార్లో కూచోని చదివినా. మీరంతా నవ్వినారని చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నా. తప్పు మీది కాదు. ఇన్నేండ్లు నేను మీకు నేర్పించింది అదే కదా.

నల్లరంగు డబ్బా కొనిందీ నిజమే. మూత కూడా తీసినా. వాసన రాంగానే మళ్లీ మూసినా. ధైర్యం వచ్చి కాదు, భయం ఎక్కువై.

బాబా సగమైనాడు. తొడిగిన తెల్ల అంగీ కర్రకు తగిలించినట్టు ఉండాది.  ఇంటికొచ్చి మజ్లిస్‌లోకే పోయినాడు. నేను వెనకాలే సూట్‌కేసు పట్టుకొని నిలబడినా. గోడ మీద అన్నీ నల్లగా ఉండాయి, నడిమధ్యన అదొక్కటి ట్యూబ్‌లైట్ మాదిరి వెలుగుతాంది.

బాబా దాని ముందుకు పోయి నిలబడినాడు. వెనక్కి తిరక్కుండానే “మీన్?” అన్నాడు. ఎవురు? అని. నేను సూట్‌కేసు కింద పెట్టి “అనా, బాబా” అన్నా. నేనే అని. ఇంకేం చెప్పాలో అరబ్బీలో రాలేదు. తుప్పు, ఏసీ, చింతపండు, చెల్లెలు, అన్నీ తెలుగులోనే చెప్పేసినా. ఆయనకేం అర్థమైందో! ఒక్క ‘ఏసీ’ తప్ప.

దించమన్నాడు. దించినా. కింద కొక్కెం లాగినాడు, టక్కుమనింది. నన్ను గొట్టం మూతి దగ్గర నిలబడమని చెయ్యి ఊపినాడు. చేతికి టార్చిలైటు ఇచ్చినాడు. గొట్టం లోపల చూడాలంటే ఆ పక్క నుంచి వెలుగు వెయ్యాలంట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో తెలిసిందల్లా ఒక్కటే, తుపాకి నా మొహానికి ఎదురుగా ఉండాది, అవతల బాబా ఉండాడు. టార్చి నా చేతిలో ఊగుతాంది. ‘సీదా!’ అన్నాడు. రెండు చేతులతో పట్టుకొని నిలబెట్టినా. అప్పుడు గొట్టంలోకి నాకూ కనపడింది, ఆ చివర బాబా కన్ను. ఒక్క కన్ను. రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తాంది. పాప మొహం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు, ఆంజనమ్మా. ఆ కన్ను తప్ప ఏదీ రాలేదు.

“లోపల బాగుంది” అన్నాడు బాబా.

తర్వాత బొటనవేలితో ఇనుము మీద వెతికినాడు, కిరీటం ఉండాల్సిన చోట. వేలు ఆడే ఆగిపోయింది. మొహం తెల్లబోయింది.  వేలు మెల్లగా కర్ర మీదకి పోయింది. గీత, పక్కన సున్న. ఒంటె వాత. అది కర్రలో లోతుగా ఉండాది, నా ఇటుక పొడి దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. ఆ గుర్తు మీద వేలు తిప్పతా ఉండిపోయినాడు.

తుపాకిని మళ్లీ ఆడనే తగిలించమన్నాడు. సాయంత్రం ఆయన్ను చూసేదానికి వచ్చినోళ్లందరూ దాన్నే చూసి నోరెళ్లబెట్టినారు. ఎవురు అడిగినా నన్ను పిలిచి ‘చెప్పు’ అంటాడు. నేను నిలబడి వచ్చీరాని అరబ్బీలో చింతపండు కత చెప్పాల. వాళ్లు నవ్వతారు. బాబా నవ్వడు.

నిన్న ధైర్యం చేసి సెలవు అడిగినా. పాప జుట్టు సంగతి చెప్పినా. అంతా విని, తుపాకి వైపు చెయ్యి చూపించి అన్నాడు. “అది మళ్లీ నల్లబడినాక పో.”

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. రాత్రంతా నిద్ర లేదు. అది తమాషానా, నిజమా? ఆయన మొహంలో ఏమీ కనపడదు. నూరేండ్లు పడతాదని ఫసీయుద్దీన్ సాబ్ చెప్పినాడు. పాస్‌పోర్టు బీరువాలోనే ఉండాది.

కాలు పోయిందని ఫోటో పంపినప్పుడు అమ్మ ఇట్లనే ఉన్నింటాది కదా, తెల్లార్లూ?

మీ తిరుపాలు.


బండకాడపల్లె
2-11-1996

అన్నయ్యా,

ఈ ఉత్తరం మా ఆయన పెద్దగా చదవలేదు. సగంలో ఆపి నా చేతికిచ్చి బయటికి పోయినాడు.

‘చెల్లెలు చెప్పింది’ అని రాసినానే, అదే నా చెవిలో తిరుగుతాంది. నలుపు ఒక్క చుక్క ఉండకూడదని రాసింది నేనే కదా. అమ్మ గంగాళం ముట్టడం లేదు, పండగొస్తే దాన్ని అట్లనే నల్లగా వదిలేస్తానంటాంది.

ఆ బాబాకు నువ్వు ఎదురు చెప్పొద్దు. సెలవని మళ్లీ అడగొద్దు. నిజమో తమాషానో తేల్చుకుందామని పోయి ఆయన కోపం తేవద్దు. నువ్వు ప్రాణంతో ఉంటే చాలు. అన్నం తింటాండావా? అది ఒక్కటి నిజంగా రాయి.

పంచమికి కొండకు పోక తప్పదు, జీపు వానికి మాట ఇచ్చినాం. పూజారిని అడిగితే, మేనమామ దూరాన ఉంటే ఆయన తొడిగిన బట్ట పరిచి దాని మీద కూచోబెట్టి తియ్యొచ్చని చెప్పినాడు. నువ్వు పోయేటప్పుడు వదిలేసిన నీలం గళ్ల చొక్కా ట్రంకుపెట్టెలో ఉండాది. ఉతికి ఆరేసినా. రెడ్డెమ్మ దాన్ని మొహానికి పెట్టుకొని వాసన చూసి, ‘మామ సబ్బు వాసన’ అనింది. అది నేను ఉతికిన సబ్బు. చెప్పలేదు.

ఆంజనమ్మ.


దోహా
19-11-1996

ఆంజనమ్మా,

కూచోని చదువు. పక్కన అమ్మ ఉంటే ఇంకా మంచిది.

నిన్న పొద్దున బాబా మజ్లిస్‌కు పిలిచినాడు. మార్టిని దించి ఒళ్లో పెట్టుకొనుండాడు. చేతిలో ఆయన పాత గుడ్డ. ఇంగ్లీషోళ్ల కిరీటం పోతే పోయిందిలే, మా ఒంటె ఉండాది కదా అన్నాడు. ఫసీయుద్దీన్ సాబ్ పక్కనుండి ఆ మాట నాకు తెలుగులో చెప్పినాడు. తర్వాత గుడ్డ నా చేతికిచ్చి, నూనె చుక్క వేసి, ఎట్ల అద్దాలో నా వేలు పట్టుకొని చూపించినాడు. ‘ష్వయ్యా, ష్వయ్యా.’ మెల్లగా, మెల్లగా. సెలవు నుంచి వచ్చినాక దినమూ ఆ పని నాదేనంట, మళ్లీ నల్లబడిందాకా. ఆయన చెయ్యి ఇప్పుడు వణుకుతాంది. దాన్ని నమ్మడంట.

‘సెలవు నుంచి వచ్చినాక’ అన్నాడే! నాకు ఆ మాట ఒక్కటే చెవిలో పడింది. జేబులోంచి పాస్‌పోర్టు తీసినాడు, దాంట్లో టిక్కెట్టు. డిసెంబరు ఎనిమిదిన బొంబాయికి. నాకు ఇంకా భయంగానే ఉండాది, టిక్కెట్టును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ చూస్తాండా. వేలు తడిపి రుద్ది కూడా చూసినా. రంగు అంటలేదు.

బయటికి పోతాంటే వెనక నుంచి పిలిచినాడు. మీ దేశం నుంచి ఏమైనా తీసుకొని రా తిరుపాల్, చింతపండు మాత్రం తేవద్దు అన్నాడు. అప్పుడు కూడా నవ్వలేదు. మీసం మాత్రం కదిలింది.

నువ్వు నమ్మవని తెలుసు. నా మాటకు నా ఇంట్లోనే విలువ లేకుండా చేసుకున్నోణ్ణి. అందుకే కింద సాక్షి చేత రాయించినా.

‘సలాం చెల్లె. నేను ఫసీయుద్దీన్‌ను. గీ తిరుపాల్ టిక్కెట్టు నా కండ్లతోని జూసిన. నిజమే. పోరికి నా దువా, దీవెన.’

ఇది నేనే చెయ్యి మార్చి రాసినానని హరి అంటాడు. అననీ. కొండ కాడ నా చొక్కా పరిచే పెట్టు. నేనొచ్చి దాంట్లో దూరి కూచుంటా.

తిరుపాలు.